పనిచెయ్యని బాయిలర్

డాక్టర్ గుడిమెట్ల ఉమాపతి ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కసారే పోలిక వాడాడు. అదీ తనంతట తాను కాదు, డైరెక్టరు చక్రపాణి గారు వాడమంటే వాడాడు.

ఆ ఏడాది పదార్థ పరిశోధనా పీఠంలో 'ప్రజల్లోకి విజ్ఞానం' అనే జ్వరం నడుస్తోంది. అంతకుముందు ఏడాది యోగా, దానికి ముందు ఏడాది మొక్కలు. ప్రతి శాస్త్రవేత్తా తాను చేసే పనిని పాలు పోసే మనిషికి కూడా అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో రాసి పేపర్లకి ఇవ్వాలని సర్క్యులర్ వచ్చింది. ఉమాపతి చేసే పని బంగారాన్ని కంటికి ఆనని నలుసులుగా మార్చి నీళ్లలో కలపడం. అలా కలిపిన నీళ్లు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయి, బంగారపు ఛాయ మచ్చుకైనా కనబడదు. ఆ నలుసుల మీద వెలుగు పడితే అవి దాన్ని మింగేసి ఒక్కసారిగా వేడెక్కుతాయి. తమాషా ఏమిటంటే, సీసాలో నీళ్లన్నీ ఇంకా చల్లగా ఉండగానే నలుసుని అంటుకుని ఉన్న నీరు ఆవిరైపోతుంది. పొయ్యి లేదు, కట్టె లేదు, కరెంటు లేదు. ఇదే కిటుకుతో పై దేశాల్లో క్యాన్సర్ గడ్డలోకి నలుసుల్ని పంపి, బయటినుంచి వెలుగు వేసి, గడ్డని మాత్రమే మాడ్చే ప్రయత్నాలు చేస్తున్నారు. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేస్తున్నారు. ఉమాపతి అంత దూరం పోలేదు. ఎండతో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరిలో ఆస్పత్రి కత్తెరల్ని, సూదుల్ని శుద్ధి చేసే పెట్టె ఒకటి తయారుచేశాడు.

ఆ పెట్టె గుమ్మరేవు అనే కొండ ఊరి ఆరోగ్య కేంద్రం కోసం. అక్కడ కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. వానాకాలమంతా కట్టెలు తడిసి పొగ తప్ప మంట రాదు. నర్సు కొర్రా దేవమ్మ పురుళ్లు పోసే కత్తెరల్ని సగం కాగిన నీళ్లలోనే ముంచి తీసేది, ఇంకేం చెయ్యగలదు? పురుడైన ఆడవాళ్లకి జ్వరాలు వచ్చేవి. కొందరు తేరుకునేవారు, కొందరు తేరుకునేవారు కాదు. కిందటేడు వానల్లో ఉమాపతి అక్కడికి వెళ్లినప్పుడు పొత్తిళ్లలో పిల్లని ఎలా ఎత్తుకోవాలో తెలియక ఒక కుర్రతండ్రి వరండాలో నిలబడి ఉన్నాడు. పిల్ల తల్లిని అప్పటికే తీసుకెళ్లిపోయారు. ఉమాపతికి ఆ రాత్రి అన్నం సయించలేదు. కొండ మీద ఎంత ముసురు పట్టినా రోజుకో గంట ఎండ పొడుస్తుందనీ, ఆ గంటలో శుద్ధిచేసి మూసిన పొట్లం వారం దాకా పనికొస్తుందనీ లెక్క వేసుకున్నాడు. మళ్లీ వానలు పట్టేలోపు పెట్టె తెచ్చిస్తానని దేవమ్మకి మాటిచ్చాడు.

పెట్టె తయారైంది. పేపరుకి నాలుగు వాక్యాలూ రాశాడు. మొదటి మూడూ ఎవరికీ అర్థం కాలేదని డైరెక్టరు గారు పెదవి విరిస్తే నాలుగోది ఇలా రాశాడు: "ఈ సీసాలోని ప్రతి నలుసూ ఒక బుల్లి బాయిలరే."

వారం తిరక్కుండా బాయిలర్ల తనిఖీ శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ దండమూడి రంగనాయకులు గారు జీపులో దిగారు.

ఆయన కూర్చోమన్నా కూర్చోకుండా ల్యాబు నాలుగు మూలలూ తిరిగి చూశారు. "బాయిలర్లు ఎక్కడున్నాయండీ?"

ఉమాపతి సీసా చూపించాడు.

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఇందులో ఎన్నున్నాయి?"

"లెక్కపెట్టలేదండీ. లక్షల కోట్లలో ఉంటాయి."

"ఒక్కదానికీ రిజిస్ట్రేషన్ లేదు."

"అయ్యో, అది పోలిక అండీ. సులువుగా అర్థమవుతుందని రాశాను."

"ఆవిరి పుడుతుందా?"

"పుడుతుంది."

"ఒత్తిడి?"

"నలుసు చుట్టూ బుడగలో కొంచెం ఉంటుందనుకోండి."

"నీరు ఉన్నది. వేడి ఉన్నది. ఆవిరి ఉన్నది. ఒత్తిడి ఉన్నదని మీరే సెలవిచ్చారు. ఇందులో పోలిక ఎక్కడుందండీ? మా నిబంధనల్లో బాయిలరంటే ఇదే. సైజు విషయమై నిబంధనావళి మౌనం వహించినది. మౌనాన్ని మా శాఖ విస్తృతార్థంలో స్వీకరిస్తుంది."

ఉమాపతి తనకున్న కాస్త లౌక్యాన్నీ బయటికి తీశాడు. "ఒక్కో నలుసూ వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదండీ. దాన్ని పట్టుకుని బాయిలరంటే..."

"విడివిడిగా చూస్తే వదిలెయ్యవచ్చును, నేను కాదనను. కానీ తమరు అన్నిటినీ ఒకే సీసాలో పెట్టారు. పెద్ద పెద్ద కరెంటు ఫ్యాక్టరీల్లో కూడా పదో పాతికో ఉంటాయి. ఒకే ఆవరణలో ఇన్ని బాయిలర్లు ఉన్న సంస్థ దేశంలో ఇంకోటి లేదు. ఏదైనా అయితే ఎవరండీ బాధ్యులు?"

ఏమీ కాదని చెప్పబోయాడు ఉమాపతి. అప్పటికే ఆయన సీసా మెడకి తాడు చుట్టి లక్క సీలు వేస్తున్నారు. తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సదరు బాయిలర్లను వెలిగించరాదని రాసిచ్చారు. వీటిని వెలిగించడమంటూ ప్రత్యేకంగా ఏమీ ఉండదు, వెలుగు పడితే చాలు అని ఉమాపతి నిజం చెప్పాడు. అది చెప్పకుండా ఉండాల్సింది. ఆయన వెంటనే ఒక నల్లగుడ్డ తెప్పించి సీసా మీద కప్పించారు.

ఉమాపతి పరుగున డైరెక్టరు గారి గదికి వెళ్లాడు. జరిగినదంతా చెప్పాడు. చక్రపాణి గారు శ్రద్ధగానే విన్నారు గానీ ఒక దగ్గర ఆగిపోయారు.

"దేశంలో ఇంకోటి లేదన్నాడా?"

"అన్నారండీ. కానీ సంగతి అది కాదు..."

"ఉమాపతీ, మన పీఠానికి ఇప్పటిదాకా ఎందులోనైనా మొదటి స్థానం వచ్చిందా? రెండేళ్ల కిందట మొక్కలు నాటడంలో కూడా మూడోదే వచ్చింది. ఇప్పుడు ఒక ప్రభుత్వ శాఖ, తనంతట తాను వచ్చి, మనమే మొదటని రాసిస్తానంటే కాదని పోట్లాడతావా? ఇంకెప్పుడూ అది పోలిక అనకు. పోలికలకి గ్రాంట్లు రావు."

నెల గడిచేసరికి పీఠం గేటు మీద కొత్త బోర్డు వెలిసింది. 'దేశంలోకెల్లా అత్యధిక బాయిలర్లు గల సంస్థకు స్వాగతం.' డైరెక్టరు గారు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. పిల్లలు బస్సుల్లో చూడటానికి వచ్చి, నల్లగుడ్డ చూసి, పులిహోర పొట్లాలు తిని వెళ్లేవారు.

అయితే రిజిస్ట్రేషన్ అంత తేలిగ్గా అవలేదు. ప్రతి బాయిలరు మీదా నంబరు చెక్కాలి. నలుసు మీద చెక్కేంత సన్నటి ఉలి లోకంలో లేదని ఉమాపతి తేల్చిచెప్పాక, దయతలచి, నంబర్లకి బదులు మొత్తం సంఖ్య ఒక్కటే సీసా మీద రాస్తే చాలన్నారు రంగనాయకులు గారు. కానీ ఒక్కో అంకే జానెడు ఎత్తు ఉండాలి, దూరం నుంచి కనబడాలి. బోర్డులు రాసే ఆయన్ని పిలిపించారు. మొదటి అంకె సగంలోనే సీసా అయిపోయింది. మిగతా సగం బల్ల మీదా, సున్నాలు గోడ మీదా రాసుకుంటూ పోయాడు. చివరి రెండు సున్నాలూ తలుపు దాటి వరండాలోకి వచ్చాయి.

ఇక కొలిమి సంగతి మిగిలింది.

"బాయిలరున్నచోట కొలిమి ఉండవలెను," అన్నారు రంగనాయకులు గారు. "తమ కొలిమి ఏది?"

"సూర్యుడండీ."

ఆయన రాసుకున్నారు. "ఆవరణలోనే ఉన్నదా?"

"లేదండీ. తొమ్మిది కోట్ల మైళ్ల పైచిలుకు దూరంలో ఉంది."

"కొలిమికీ బాయిలరుకీ మధ్య అంత దూరం పెడితే వేడి వృథా కదండీ. సరే, అది సాంకేతిక విషయం. యజమాని ఎవరు?"

"యజమాని ఎవరూ లేరండీ."

"కనిపెట్టుకుని ఉండే మనిషి?"

"లేరండీ."

రంగనాయకులు గారి చేతిలో పెన్ను ఆగింది. ఆయన మొహంలో నిజంగా భయం కనిపించింది. "కాపలా లేకుండా అంత కొలిమిని వదిలేశారా? ఎన్నాళ్లనించీ?"



ఫలితంగా ఒక అటెండెంట్ పోస్టు మంజూరైంది. చక్కెర మిల్లులో బాయిలరు చూసిన నూకరాజు అనే ఆయన చేరాడు. నీలం చొక్కా, ఒక ఈల ఇచ్చారు. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, సూర్యుడు వచ్చాక ఈల ఊది 'కొలిమి వెలిగింది' అని సంతకం పెట్టాలి. సాయంత్రం 'ఆరింది' అని పెట్టాలి. నూకరాజు నెమ్మదస్తుడు, పని ఒళ్లు దాచుకోకుండా చేసేవాడు. ఓ రోజు ముసురు పట్టి 'కొలిమి కనబడలేదు' అని ఉన్నదున్నట్టు రాశాడు. ముందస్తు అనుమతి లేకుండా కొలిమిని ఎందుకు నిలిపివేశారో సంజాయిషీ ఇవ్వవలసిందని శాఖ నుంచి మెమో వచ్చింది. 'ఇకమీదట అటువంటిది పునరావృతం కాకుండా సదరు కొలిమికి తగు సూచనలు జారీ చేయడమైనది' అని డైరెక్టరు గారు బదులిచ్చారు. సూర్యగ్రహణం రోజుకి మాత్రం ముందే జాగ్రత్తపడి, 'వార్షిక మరమ్మతు నిమిత్తం' అని అనుమతి తెచ్చుకున్నారు.

ఈ సరదాలన్నీ సాగుతుండగా రోహిణి ఎండలు వెళ్లిపోయాయి. మృగశిర వచ్చింది. నల్లగుడ్డ కింద సీసా అలాగే ఉంది. పెట్టె మూలన దుమ్ము పట్టింది. ఉమాపతి గుమ్మరేవుకి ఫోన్ చెయ్యడం మానేశాడు. ఏమని చేస్తాడు?

ఓ మధ్యాహ్నం దేవమ్మే వచ్చింది. కొండ దిగి, రెండు బస్సులు మారి, చీర కుచ్చిళ్ల నిండా ఎర్రమట్టితో ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"వానలు పడిపోతన్నాయి సార్. మా పెట్టేది?"

ఉమాపతి ఆవిణ్ణి కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పాడు. గోడ మీది సున్నాలు చూపించాడు. అప్పుడే మబ్బు విడినట్టుంది, నూకరాజు డాబా మీంచి ఈల ఊదాడు, అదీ చెప్పాడు. ఎవరికి చెప్పినా నవ్వేవారు. దేవమ్మ నవ్వలేదు.

"మొన్న బొడ్డుగూడ పిల్లొకర్తి వచ్చింది సార్," అంది. "తొలిచూలు. పురుడు సులువుగానే అయిపోయింది. మూడోనాడు జొరం తగిలింది."

"తగ్గిందా?"

"తగ్గలేదు సార్."

ఉమాపతి బల్ల మీది నల్లగుడ్డ వైపు చూశాడు. తన మీద తనకి అసహ్యం వేసింది. ఆ నల్లగుడ్డని లాగి అవతల పారెయ్యడానికి ఇన్నాళ్లూ తనకి చేతులు రాలేదు. లాగితే ఉద్యోగం పోతుంది, పెట్టెని జప్తు చేస్తారు, అప్పుడు గుమ్మరేవుకి అదీ ఉండదు. ఇలా అనుకుని అనుకుని వానలు తెచ్చుకున్నాడు.

దేవమ్మ కూర్చున్న కుర్చీ చెయ్యి తడిమింది. "ఇలాటివి మా కాడా ఉన్నాయి సార్. ఒకదానికి కాలు లేదు, ఒకదానికి వీపు లేదు. మంచాలు, బీరువా, జీపు, అన్నీ మీ పట్నం ఆఫీసులు కండెమ్ చేసినవే. బాగున్న సామాను కొండెక్కదు కదా? దరఖాస్తు పెట్టి పెట్టి చేతులు అరిగిపోతాయి. పాడయిపోయిందని మీవోళ్లు ఒక్క ముక్క రాసీసారంటే మాత్రం, మరి ఆపీవోడుండడు. లారీ కట్టించి మరీ పంపించీస్తారు."

ఆవిడ ఉన్న మాట చెప్పింది, అంతే. ఉమాపతి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మర్నాడే రంగనాయకులు గారికి కబురు చేశాడు. బాయిలర్లకి తుది పరీక్ష జరిపించాలని కోరాడు. ఇన్నాళ్లకి దారికొచ్చాడని ఆయన సంతోషించారు.

"పరీక్షకి ముందు కొలిమితో సంబంధం తెంచవలెనని నిబంధన ఉందటండీ," అన్నాడు ఉమాపతి వినయంగా.

"తప్పనిసరిగా. లేనిచో ప్రమాదం."

"అందుకే స్టోరు గది సిద్ధం చేయించాను. కిటికీలు లేవు. తలుపు సందుల్లో గోనెలు కుక్కించాను."

చీకట్లో నల్లగుడ్డ తీశారు. రంగనాయకులు గారు సీసాకి చెవి ఆనించారు. ఆవిరి కొలిచే పరికరం ముల్లుని చేత్తో తడిమి చూశారు. డైరెక్టరు గారు ఉక్కపోతకి రుమాలుతో విసురుకుంటూ నిలబడ్డారు. ఎంతసేపు ఆగినా సీసాలోంచి చప్పుడు లేదు, ముల్లు కదల్లేదు.

"ఆవిరి లేదు," అన్నారు రంగనాయకులు గారు చివరికి. "ఇన్ని లక్షల కోట్లలో ఒక్కటంటే ఒక్కటి పనిచెయ్యలేదు. నా సర్వీసులో ఇంత సామూహిక వైఫల్యం చూడలేదండీ."

"సిగ్గుగా ఉందండీ," అన్నాడు ఉమాపతి.

ఆయన చీకట్లోనే కొంచెంసేపు ఉమాపతి వైపు చూసినట్టున్నారు. తర్వాత బయటికొచ్చి సీసానీ పెట్టెనీ కలిపి కండెమ్ చేసి సంతకం పెట్టారు. కండెమ్ అయిన బాయిలరు ఆవరణలో ఒక్కరోజు కూడా ఉండరాదు. ఎక్కడికి చేరితే అక్కడ అది పనిచెయ్యడం లేదని శాఖ వారు స్వయంగా వెళ్లి ధ్రువీకరించవలెను. పనిచేస్తున్నట్టు తేలితే జప్తు.

చక్రపాణి గారు గేటు మీది బోర్డు వైపు దిగాలుగా చూస్తూ నిలబడ్డారు. ఉమాపతికి జాలేసింది. "సార్, దేశంలో అత్యధిక బాయిలర్లని కండెమ్ చేసిన సంస్థ కూడా మనదే అవుతుంది కదండీ," అన్నాడు. డైరెక్టరు గారి మొహం విప్పారింది. సాయంత్రానికల్లా బోర్డులు రాసే ఆయన నిచ్చెన ఎక్కాడు. దేవమ్మ చెప్పినట్టే మర్నాడు లారీ వచ్చి సీసానీ పెట్టెనీ గుమ్మరేవుకి తీసుకెళ్లింది. కొలిమి మాత్రం కండెమ్ కాలేదు గనక నూకరాజు ఉద్యోగం ఉండిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టాక తనిఖీకి రంగనాయకులు గారు బయల్దేరారు. ఉమాపతిని వెంట రమ్మన్నారు. ముందుగా కబురు చేద్దామంటే గుమ్మరేవు ఫోన్ పనిచెయ్యడం లేదు. దారి పొడుగునా ఉమాపతి మబ్బు కోసం ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ పూట ఒక్క మబ్బు లేదు. ఎండ నిప్పులా కాస్తోంది.

జీపు కొండ మొదట్లోనే ఆగిపోయింది. బురద దారిన నడుస్తుంటే రంగనాయకులు గారి కాలు జారింది. రాయి అంచు తగిలి పిక్క దగ్గర లోతుగా తెగింది. ఉమాపతి తన కండువా చుట్టి, భుజం ఆసరా ఇచ్చి, మెల్లగా పైకి నడిపించాడు. గుమ్మరేవు చేరేసరికి కండువా అంతా తడిసిపోయింది.

ఆరోగ్య కేంద్రం ముందు అరుగు మీద పెట్టె ఉంది. అద్దం ఎండని పట్టి ఎర్రనీళ్ల మీదికి తోస్తోంది. గొట్టంలోంచి తెల్లగా, బుస్సుమంటూ, దాచుకోవడానికి వీల్లేనంతగా ఆవిరి వస్తోంది. ఇంక అయిపోయిందనుకున్నాడు ఉమాపతి. ఇంకో నిమిషంలో లక్క, తాడు, నల్లగుడ్డ. దేవమ్మకి ఏం చెప్పాలి?

దేవమ్మ బయటికొచ్చింది. ముందు ఇన్‌స్పెక్టరు గారి కాలు చూసింది, తర్వాత మొహం చూసింది. ఆయన్ని లోపల కాలు లేని కుర్చీలో, ఇటుకల ఆసరా మీద కూర్చోబెట్టి, కండువా విప్పింది.

"ఏమ్మా, ఆ బాయిలరు..." పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటూ అడిగారాయన. "అది పనిచేస్తోందా?"

"లేదు సార్. మీరే కండెమ్ చేసీసారు కదా."

"మరి ఆ ఆవిరి?"

"మంచు సార్. కొండ కదా."

మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మంచు ఇంకోసారి బుస్సుమంది.

"లోతుగా తెగింది. కుట్లెయ్యాలి," అంది దేవమ్మ. గుడ్డ పొట్లం ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. విప్పలేదు. "సూదీ కత్తెరా ఇందులో ఉన్నాయి. అబద్ధం ఆడను సార్, ఇయ్యి ఆ పెట్టెలోంచే తీసేను. పెట్టె పనిచెయ్యడం లేదని మీరు రాస్తే ఇయ్యి పచ్చి సూదులు. పచ్చి సూదితో కుట్టీమంటారా?"

రంగనాయకులు గారు పొట్లం వైపు చూశారు. కాలు వైపు చూశారు. గోడవారన మంచం మీద ఒక బాలింత పిల్లకి పాలిస్తోంది. ఆయన్ని చూసి పైట సర్దుకుని పక్కకి తిరిగింది.

"ఆ అమ్మాయికి ఎన్నో రోజు?"

"అయిదోది సార్."

"జ్వరం?"

"లేదు సార్. పెట్టె వచ్చినకాణ్నించీ ఎవులికీ లేదు."

మంచం మీద పిల్ల చప్పరిస్తూనే ఉంది. రంగనాయకులు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"కండెమ్ చేయబడిన బాయిలరు పనిచేయుటకు వీల్లేదు," అన్నారు తన ఆఫీసు గొంతుతో. "అది నేనే కండెమ్ చేశాను. కనుక అది పనిచేయుట లేదు. ఇందులో సందేహానికి తావులేదు." తర్వాత గొంతు తగ్గించారు. "పొట్లం విప్పమ్మా."

దేవమ్మ విప్పింది. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, ఒక్కో కుట్టుకీ ఆగుతూ, ఉమాపతి చేత ధ్రువీకరణ రాయించారు. సదరు బాయిలర్లను స్వయంగా పరిశీలించితిమి. ఒక్కటియు పనిచేయుట లేదు. పరిసరములందు మంచు ఎక్కువగా యున్నది.

సంతకం పెట్టి, లేచి, కుంటుకుంటూ అరుగు మీదికి వచ్చారు. పెట్టె పక్కన నిలబడి ఆ మంచులో చెయ్యి పెట్టబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"ఈ కొండల్లో ఇలాంటి ఆస్పత్రులు ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?"

"తొమ్మిదున్నాయి సార్."

ఆయన తల పంకించి, ఉమాపతి భుజం మీద చెయ్యి వేసి దిగడం మొదలుపెట్టారు. నాలుగు అడుగులు వేశాక, దారి మీంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"ఇలా పనిచెయ్యనివి ఇంకో తొమ్మిది చెయ్యగలరాండీ?"

ఉమాపతి తల ఊపాడు.

"చెయ్యండి. చీకటి గది సంగతి నేను చూసుకుంటాను."